ప్రశ్నలకు అరగంట

స్ఫటికాల నిర్మాణం మీద మా ఉప్పల్ ప్రయోగశాలలో సదస్సు జరపాలనుకున్నారు. అందులో కంప్యూటర్ లెక్కల సమావేశాలు నన్నే చూసుకోమన్నారు. ఆ మాట వినగానే నాకు మా పాత ప్రొఫెసరుగారు గుర్తొచ్చారు. ఆయన్ని పిలవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. గౌరవంతో కాదు.

ఆయన దగ్గర పరిశోధన చేసే రోజుల్లో నేను నాచారం నుంచి యూనివర్సిటీకి నడిచి వెళ్ళేదాన్ని. స్ఫటికంలో పరమాణువులు ఎక్కడున్నాయో ముందు ఊహించి, లెక్క చెప్పిన మేరకు వాటిని జరుపుతూ మళ్ళీ మళ్ళీ లెక్క వేయాలి. మా లెక్క ఎంతకీ కుదురుకోలేదు. అప్పటి కంప్యూటరు చదివేలా అంకెలకు తగ్గట్టు కార్డులకు చిల్లులు కొట్టి, ఆ కట్టలు వానలో కొంగు కప్పి కంప్యూటరు దాకా మోసింది నేను. లెక్క చెప్పినదాంట్లో సగమే జరిపితే అది నిలుస్తుందని కనిపెట్టిందీ నేనే. వ్యాసం ఆయన ఒక్కరి పేరుతో అచ్చయింది. బొమ్మలు గీసినందుకు చివర్లో నాకు కృతజ్ఞతలు చెప్పారు. వెళ్ళి అడిగితే, "బొమ్మలు చాలా చక్కగా వచ్చాయమ్మా," అన్నారు.

కార్యక్రమం వేసేటప్పుడు నాతో కూర్చున్న సహోద్యోగిది అంబర్‌పేట.

"అందరికన్న ఈయనకే ఎక్కువ టైమెందుకక్కా? పైంగ ప్రశ్నలకు అరగంటనా? ఎవరడుగుతరు?"

"నేనడుగుత."

అతను కలం ఆపి నా ముఖం చూశాడు. "పాత పగనా?"

"అవును."

"అయితే రాస్తున్న," అన్నాడు.

ప్రొఫెసరుగారు సంతోషంగా వచ్చారు, ఆ పాత వ్యాసం గురించే బాగా మాట్లాడారు. చప్పట్లు ఆగాక నేను అడిగాను: "సగమే జరపాలని ఎలా తేల్చారు సార్? పూర్తిగా జరిపితే ఏమయ్యేది?"

ఆయన మంచినీళ్ళు తాగారు. "అది చిన్న వివరం. తరవాత మాట్లాడుకుందాం."

"ఈ సమావేశం పెట్టింది ఆ వివరాల కోసమే సార్. టైముంది."

ముందు వరసలో కూర్చున్నాయన తనకూ అదే సందేహమన్నారు. ప్రొఫెసరుగారు కాగితాలు తిరగేశారు. గుర్తులేదన్నారు. నేను లేచి బోర్డు మీద లెక్క మొత్తం వేశాను. "అప్పట్లో ఈ లెక్క వేసింది నేనే కాబట్టి చెబుతున్నాను," అన్నాను. ఆయన వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కనిపించలేదు.

టీ దగ్గర ఆయనే నా పక్కకు వచ్చారు. "ఇంతమందిలో చేయాల్సిన పని కాదమ్మా."

"ఆ వ్యాసం కూడా ఇంతమందీ చదివారు సార్."

ఆయన కప్పు కింద పెట్టి వెళ్ళిపోయారు. సాయంత్రం సమావేశానికి రాలేదు.

"మనసు సల్లబడ్డదా అక్కా?" అని సహోద్యోగి అడిగాడు.

"లేదు," అన్నాను. అది నిజం. నాచారం వెళ్ళే దారంతా, అడగకుండా వదిలేసిన ప్రశ్నలే తలుచుకున్నాను. మరో సదస్సు పెట్టినప్పుడు మళ్ళీ ఆయన పేరే రాశాను. ఒంట్లో బాగుండటం లేదని జవాబొచ్చింది.