భీమిలి దాకా నా కుడికాలు

కాలు బాగున్నన్నాళ్లూ కాలనేది ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. ఆ రోజుల్లో నాకసలే గుర్తుండేది కాదు. ఇరవై ఏళ్ల వయసు, కాశీబుగ్గలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి పంతులమ్మ ఉద్యోగం. పొద్దున్న ఇంటి నుంచి బడికి, బడి నుంచి ట్యూషనుకి, ట్యూషను నుంచి చర్చిలో పాటల ప్రాక్టీసుకి సైకిలు మీద తిరుగుతూనే ఉండేదాన్ని. అలసిపోయామని తెలుసుకోవడానికి కూడా కాస్త తీరిక కావాలి. ఆ తీరిక నాకు లేదు. అలాంటిదాన్ని ఊరుకోకుండా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ నోరు జారాను.

క్రిస్మస్ అయిన రెండోనాడు మా చర్చి కుర్రాళ్లంతా సైకిళ్ల మీద నాలుగు రోజుల దూరాన ఉన్న భీమిలి వెళ్లాలని, అక్కడి సంఘంతో కలిసి పాటలు పాడాలని మాట్లాడుకుంటున్నారు. వాళ్లకి నాయకుడు, అందరూ పంపు మేష్టారు అని పిలిచే ఆయన. (ఎక్కడికి వెళ్లినా గాలిపంపు చంకలో ఉండాల్సిందే. సొంత తమ్ముడి పెళ్లిలో కూడా దాన్ని కింద పెట్టలేదు.) "ఆడపిల్లలెవరైనా వొత్తారేటి?" అని ఆయన మాటవరసకి అడిగారు. మా అన్నయ్య పకపకా నవ్వి, "మా సెల్లి నందిగాం దాటితే గొప్ప మేష్టారూ" అన్నాడు. "నీ కంటె ముందు నేనే భీమిలిలో ఉంటాను, సూడు" అన్నాను. నా వెనకాల నిలబడ్డ నా స్నేహితురాలు బఠాణీ, పొట్టిగా గుండ్రంగా ఉండే మనిషి, "నేను కూడా" అంది. వాళ్లమ్మ పెట్టిన షరతు ఒక్కటే. ఇద్దరూ వెళితే సరే, ఒక్కర్తినే అయితే గుమ్మం దాటనివ్వదు.

ప్రాక్టీసు కోసమని ఒక శనివారం మేమిద్దరం మందస దాకా వెళ్లి వచ్చాం. వచ్చాక రెండు రోజులు నేను పీట మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపవలసి వచ్చింది. భీమిలి అంటే ఎన్ని మందసలో లెక్క వేసుకున్నాను. పిల్లలకి లెక్కలు చెప్పే పంతులమ్మని కావడం ఎంత చెడ్డదో అప్పుడు తెలిసింది. నా వల్ల కాదని తేలిపోయింది. కానీ ఆ మాట ఎవరితో అంటాను? అన్నయ్యతోనా?

తరవాతి ఆదివారమే పడ్డాను. వెళుతున్న సైకిలు మీద నుంచి ఎవరైనా పడతారు, నేను ఆగిన సైకిలు మీద నుంచి పడ్డాను. చర్చి గేటు ముందు ఆపి, ఠీవిగా దిగబోతే చున్నీ చైనులో చిక్కుకుంది. నేనొక వైపు, కుడికాలు ఇంకో వైపు. జనమంతా ఓలమ్మో ఓలమ్మో అని మూగిపోయారు. ప్రాణం పోయేంత నొప్పి. ఆ నొప్పిలో నా మనసులోకి వచ్చిన మొదటి మాట ఏమిటో ఇన్నేళ్లకి ఒప్పుకుంటున్నాను. 'హమ్మయ్య, ఇంక భీమిలి వెళ్లక్కర్లేదు.'

చీలమండ దగ్గర ఎముకకి సన్నటి బీట పడిందని డాక్టరు నెల రోజులకి పిండికట్టు వేశాడు. ఆ నెలంత సుఖం నా జన్మలో ఎరగను. మంచం మీదికే టీ, మంచం మీదికే అన్నం. గోడకున్న బల్లిని చూస్తూ గంటలు గడిపేదాన్ని. ఆ సుఖాన్ని చెడగొట్టడానికి బఠాణీ రోజూ సాయంత్రం వచ్చేది. వానకోసం ఆకాశం చూసే రైతులాగా నా కట్టు వైపు చూసేది. "నొప్పి తగ్గినాదేటే?" "నేదే." "నిన్నటికంటె తగ్గినాదా?" "ఏమో." పాపం, వాళ్ల తోటలో జీడిమామిడి పళ్లు తప్ప ఏమీ చూడని పిల్ల. పెట్టె సర్దేసుకుంది. ఎగతాళి చేసిన అన్నయ్యకి కూడా ఏమనిపించిందో, నా సైకిలు చైనుకి కొత్త కవరు వేయించి తెచ్చాడు. ఇంతమంది కలిసి నన్ను బాగుచెయ్యడం మొదలుపెడితే నేనేం చెయ్యను?

కట్టు విప్పాక ఇసకలో నడిస్తే కాలికి బలం వస్తుందని అమ్మ నన్ను ఉద్దానంలో అమ్మమ్మ దగ్గరికి పంపింది. సముద్రం పక్క ఊరు. పొద్దున్నే అమ్మమ్మ మోకాళ్ల నొప్పులతో, నేను చీలమండతో, ఒకరి భుజం ఒకరం పట్టుకుని ఒడ్డున కుంటేవాళ్లం. వలలు లాగేవాళ్లు పని ఆపి చూసేవారు. నిజానికి నాలుగో రోజుకే నా నొప్పి పోయింది. కుంటు మాత్రం పోనివ్వలేదు. వారంలో యాత్ర. అప్పటిదాకా కుంటితే చాలు.

ఒక మధ్యాహ్నం పెరట్లో ఎండబెట్టిన వడియాల మీద పక్కింటి మేక పడింది. నేను అరుచుకుంటూ పరిగెత్తి, కంచె దాకా దాన్ని తరిమి, విజయగర్వంతో వెనక్కి వచ్చాను. గుమ్మం దగ్గరకి వచ్చాక కుంటడం గుర్తొచ్చింది. అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"ఏటే, మేకని తోలినప్పుడు నేని నొప్పి గుమ్మంకాడ ఒచ్చీసినాదేటి?"

నేను పక్కన కూలబడి ఏడ్చేశాను. అంతా చెప్పేశాను. అమ్మమ్మ తిట్టలేదు. మిగిలిన వడియాలు ఏరుకుంటూ, "బయమైతే బయమని సెప్పు. కాలు మీదెందుకు పెడతావు? దానికేటి తెల్సు?" అంది.

ఇంటికొచ్చి బఠాణీకి చెప్పాను. దాని మొహం చూడడానికి నాకు ధైర్యం లేదు. అది, "నాకూ బయమేనే. మందస నుంచి ఒచ్చిన కాడి నుంచీ బయమే. నువ్వు ఎల్తన్నావు కదా అని..." అంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని, ఏడవబోయి, ఎందుకో విరగబడి నవ్వాం. ఇద్దరికీ భయమని తేలాక ఆగిపోవచ్చు కదా? అదేం బుద్ధో, వెళదామనే అనుకున్నాం.

పదహారు సైకిళ్లు బయలుదేరాయి. మొదటిరోజు టెక్కలి చేరేసరికి పాటలు ఆగిపోయాయి. అప్పట్లో హైవే వెడల్పు చేస్తున్నారు. ఎర్రదుమ్ములో లారీ వెనక లారీ. రెండో సాయంత్రానికి శ్రీకాకుళంలో ఒక చర్చి హాల్లో పడ్డాం. అన్నయ్య కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడే అన్నం తిన్నాడు. నా చీలమండ బూరెలా పొంగింది. అప్పుడు పంపు మేష్టారు లేచి, ప్రార్థన కూటంలో అడిగినట్టే గంభీరంగా అడిగారు. "అందరూ కళ్లు మూసుకోండి. ఒకర్నొకరు సూడొద్దు. సైకిళ్లు బస్సు మీద ఎక్కించీసి ఇంటికి ఎలిపోదాం అన్నోళ్లు సెయ్యెత్తండి."

నేను దొంగచాటుగా ఒక కన్ను తెరిచాను. ఒక్కటి తప్పకుండా మగపిల్లల చేతులన్నీ గాల్లో ఉన్నాయి. మేష్టారిది అందరి కంటె ఎత్తుగా ఉంది. నా చెయ్యి కూడా లేస్తోంది. దాని మీద బఠాణీ చెయ్యి పడింది. గట్టిగా పట్టుకోలేదు, దానికీ ఓపిక లేదు. ఊరికే వేసి ఉంచిందంతే.

"దేవుడి సిత్తం" అన్నారు మేష్టారు.

"మా సేతులు లేవనేదండి" అంది బఠాణీ.

ఆడపిల్లల్ని ఇద్దర్నే పంపలేరు. మేష్టారు మెల్లగా అన్నయ్య వైపు తిరిగారు. "మేష్టారూ, నాను కూకోనేకపోతన్నాను" అని వాడు దీనంగా అన్నాడు. "నించోనే తొక్కరా" అని, ఆయన చంకలోని పంపు తీసి వాడి చేతిలో పెట్టారు.

మిగిలినవాళ్లంతా పొద్దున్నే ఇంటికి బస్సెక్కేశారు. ఆ తరవాతి రెండు రోజులూ అన్నయ్య నిజంగానే నిలబడి తొక్కాడు. నన్ను తిట్టని తిట్టు లేదు. కానీ ఆగినచోటల్లా బోరింగు దగ్గర తువ్వాలు తడిపి తెచ్చి నా కాలికి చుట్టేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నం భీమిలి చర్చి చేరాం. అక్కడి పాస్టరుగారి భార్య మమ్మల్ని చూసి గాభరాపడి, "ఈ గోడ వెనకే సముద్రం అమ్మా. ఒకసారి చూసి రండి, ఈలోగా అన్నం వడ్డించేస్తాను" అంది. "వస్తామండి" అని వరండాలో ఒక్క నిమిషం ఒరిగాం. లేచేసరికి మర్నాడు తెల్లవారింది. బస్సు వెళ్లిపోతోందని అన్నయ్య గోల. సైకిళ్లు బస్సుమీద, మేం లోపల. సముద్రం చూడనే లేదు.

ఇప్పుడు నాకు మెత్తటి పరుపుంది, తలుపు వేసుకునే గది ఉంది. అలసటకీ లోటు లేదు. ఎక్కడికీ వెళ్లకుండానే, కుర్చీలో కూర్చునే బోలెడంత అలసిపోతున్నాను. నిద్ర మాత్రం పిలిచినా రాదు. అప్పుడు ఆ వరండాలో, చల్లటి గచ్చుకి చెంప ఆనించి, నోరు తెరుచుకుని, వాచిన కాలు బఠాణీ మీద పడేసి నిద్రపోతున్న ఆ ఇరవై ఏళ్ల పిల్ల కళ్లముందు కదులుతుంది. సముద్రం చూద్దువు గాని లేవవే అని దాన్ని తట్టి లేపాలనిపిస్తుంది. మళ్లీ, వద్దులే, పడుకోనీ అనిపిస్తుంది.