కోచ్ శశికాంత్ వడ్డన వరస

ఐర్లండ్‌లోని గాల్వేలో ఎం.ఎస్. చదవడానికొచ్చిన మొదటి వారంలోనే శశికాంత్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాడు. ఆట మీద ప్రేమతో కాదు. వాళ్ల స్టాల్ దగ్గర పిజ్జా ఊరికే పెడుతున్నారు. మనిషి భారీగా ఉన్నాడని లైన్ మధ్యలో నిలబెట్టారు. అక్కడ పని, ఎదురొచ్చేవాడికి అడ్డం పడటం. చదువయ్యేదాకా నిజాయితీగా అడ్డం పడ్డాడు. బంతి ఎలా ఉంటుందో దూరం నుంచే చూశాడు.

తర్వాత స్టెంట్లు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం, జ్ఞానేశ్వరితో పెళ్లి, ఓ కూతురు. శనివారాలు ఊళ్లో క్లబ్బుకి ఆడేవాడు. అద్దె కట్టలేక హెడ్ కోచ్ ఊరొదిలి పోతే ఆ పదవి శశికాంత్‌కిచ్చారు. ఏడు సీట్ల కారున్నది అతనొక్కడికే.

ఈ ఆటలో బంతిని ముందుకి జరపడానికి నాలుగు అవకాశాలిస్తారు. దేనికి ఏ ఎత్తు వెయ్యాలో ఎన్నిసార్లు చెప్పినా కుర్రాళ్లకి గుర్తుండేది కాదు. కూతురి పుట్టినరోజుకి టీమంతటినీ పిలిచి, వరసగా కూర్చోబెట్టి విస్తళ్లేశాడు. ఆ వడ్డన మాత్రం ఒక్క పూటలో కంఠతా వచ్చేసింది. ఇంకేం, ఎత్తులకి అవే పేర్లు పెట్టాడు. పప్పంటే మధ్యలోంచి దూసుకుపోవడం. వేపుడంటే విసరడం. సాంబారంటే అంచు వెంబడి పారడం. పెరుగంటే ఇక చాలనుకుని గోల్‌లోకి తన్నెయ్యడం. వరస మాత్రం ఎప్పుడూ మార్చలేదు. వడ్డనకో పద్ధతుంటుందని అతని నమ్మకం.

అయినా ఆ ఏడాది గెలిచింది తక్కువ. కార్క్ టీమ్ మీద కూడా ఓడితే కొత్త కోచ్‌ని చూసుకుంటామని క్లబ్ పెద్ద డెక్లన్ మెత్తగా చెప్పాడు. నువ్వు గ్రాండ్ మనిషివే, అని కూడా అన్నాడు. అక్కడివాళ్లకి బాగున్నదీ గ్రాండే, సరేననడమూ గ్రాండే. ఫ్యాక్టరీలో శశికాంత్‌ని అందరూ శశి అంటారు. కోచ్ అని పిలిచేది ఇక్కడొక్కచోటే.

కార్క్‌లో మ్యాచ్ మొదలైంది. శశికాంత్ ఏం వడ్డించమని అరిచినా అవతలివాళ్లు ముందే అక్కడికొచ్చి నిలబడుతున్నారు. చూస్తే, గట్టు మీద మడతకుర్చీలో ఓ తెలుగావిడ, ఆ పక్కనే బాలింకాలిగ్‌లో ఉండే మంగాదేవి ఆంటీ. కొడుకు అవతలి టీమ్‌లో ఉన్నాడు.

"పప్పయింది నాన్నా, ఇప్పుడు వేపుడు. వెనక్కెళ్లు," అంటోందావిడ.

"గ్రాండ్, మామ్," అని వాడు మిగతావాళ్లకి ఇంగ్లీషులో చేరవేస్తున్నాడు.

జ్ఞానేశ్వరి మొగుడి దగ్గరకొచ్చింది. "వరస మార్చండి."

"పెరుగు తర్వాత పప్పేస్తారా ఎక్కడైనా?"

"అయితే ఓడిపోయి పద్ధతిగా ఇంటికొచ్చెయ్యండి."

ఆఖరి అవకాశం. రెండు పాయింట్లు వెనక. తన్ని గోల్ కొడితే మూడొస్తాయి. కానీ అంతకుముందు తన్నిన బంతిని వాళ్లు గాల్లోనే ఆపేశారు. పెరుగులోకొచ్చింది కదా, ఇక లేవొచ్చని మంగాదేవి కుర్చీ మడిచేసింది.

శశికాంత్ కుర్రాళ్లని దగ్గరికి పిలిచాడు. పెరుగుకని నిలబడండి, కానీ మళ్లీ పప్పే తినండి, అన్నాడు. చెబుతుంటే అతనికే సిగ్గేసింది.

తన్నుతారని కార్క్ వాళ్లంతా చేతులెత్తి గాల్లోకెగిరారు. బంతి వాళ్ల కిందనుంచి, సరిగ్గా మధ్యలోంచి, గీత దాటిపోయింది. గీత దాటితే ఆరు పాయింట్లు.

వచ్చే ఏడాదీ నువ్వేనని డెక్లన్ భుజం తట్టి వెళ్లాడు. మంగాదేవి కుర్చీ చంకనపెట్టుకుని మైదానం దాటి మరీ వచ్చింది.

"మీదే ఊరు బాబూ?"

"తెనాలండి."

"మాదీ అటే. అక్కడ ఇలాంటి వడ్డనలు లేవే."

శశికాంత్ తల దించుకుని, తప్పయిపోయిందాంటీ అన్నాడు. వెనకనుంచి కుర్రాళ్లు "కోచ్, కోచ్" అని పిలుస్తున్నారు. వినబడనట్టు నిలబడి, ఇంకాసేపు పిలిపించుకున్నాడు.