కుర్చీ పట్టీ ఎత్తు ముప్పై మూడు అంగుళాలు

మేస్త్రి మామ పోయాడన్న కబురు నాకు స్కూల్లో తెలిసింది. తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పి స్టాఫ్ రూములోకి వచ్చేసరికి మా అటెండరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మీ పక్క వీధి వడ్రంగి ముసలాయన తెల్లారగట్ల కాలం చేశాడట, రెండు రోజుల జ్వరమేనట అన్నాడు. చేతిలో ఉన్న సుద్దముక్క బల్ల మీద పెట్టి కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ముందు నాకు దుఃఖం రాలేదు, భయం వేసింది. మూడేళ్ళుగా ఆయనతో అనాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. అనడానికి ఇక మనిషి లేడు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. వాళ్ళ నాన్న పార్వతీపురం వైపు నుంచి ఒడిశాలో ఉన్న మా రాయగడ వచ్చి స్థిరపడ్డాడు. ఈయన మునిసిపాలిటీలో వడ్రంగిగా చేసి రిటైరయ్యాడు. ఆఫీసులో ఒడియా, సంతలో కొండవాళ్ళ దేశియా, ఇంట్లో మన తెలుగు మాట్లాడేవాడు. కోపమొస్తే మాత్రం మూడు భాషలూ మానేసి చెక్కకి చిత్రిక పట్టేవాడు. నేను గౌను వేసుకునే రోజుల నుంచీ ఆయనకి నేను అమ్మిని. నలభై ఏళ్ళొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఊళ్ళో సగం మంది పిల్లల్ని హడలగొట్టే లెక్కల టీచర్నయ్యాక కూడా అమ్మినే.

చదువుకున్నది మూడో తరగతి. కానీ కుర్చీ పట్టీ వేయించాలంటే రాయగడ నుంచి సెమిలిగుడ దాకా ఆయన్నే పిలిచేవారు. కుర్చీ వెనక్కి జరిపినప్పుడల్లా దాని వీపు గోడకి కొట్టుకుని సున్నం పెచ్చులు ఊడిపోతుంది కదా, అలా ఊడకుండా గోడ పొడవునా అడ్డంగా బిగించే చెక్క పట్టీ అది. చూడ్డానికి చిన్న పనే. ఎంత ఎత్తున బిగించాలన్నదే పేచీ. రెండంగుళాలు పైకి పోయినా, కిందకి పోయినా ఆ పట్టీ గోడకి పెట్టిన బొట్టే తప్ప ఎందుకూ పనికిరాదు.

సెమిలిగుడలో మా చిన్నాన్నకి టిఫిన్ హోటలు ఉండేది. కాలేజీ సెలవుల్లో నేను అక్కడున్నప్పుడు మామ పట్టీ వెయ్యడానికి వచ్చాడు. వచ్చినవాడు టేపు తియ్యలేదు. మూలన కూర్చుని ఇడ్లీ తిన్నాడు, టీ తాగాడు, ఇంకో టీ చెప్పాడు. ఈయన పనికొచ్చాడా పెళ్ళికొచ్చాడా అని చిన్నాన్న వంటింట్లో గొణుక్కుంటున్నాడు. గంట గడిచాక మామ లేచి, లారీ డ్రైవర్లు ఎలా కూర్చుంటున్నారో చూశావా అని నన్నడిగాడు. నేను చూడలేదు. వాళ్ళు తినేదాకా నిటారుగా కూర్చుంటారు, తిన్నాక కుర్చీ ముందుకాళ్ళు పైకి లేపి వెనక్కి వాలతారు. అలా వాలిన కుర్చీ వీపు గోడకి ఇంకాస్త కిందగా తగులుతుంది. మామూలు పట్టీ వేస్తే దాని కింద గోడకి గుంటలు పడతాయి. అందుకని అక్కడ జానెడు వెడల్పు పలక వేశాడు. హోటలు చేతులు మారింది కానీ, ఆ పలక ఇంకా ఉందని విన్నాను.

ఆయన తప్పు చెయ్యలేదని కాదు. గుణుపురంలో ఒక బట్టల కొట్టాయన ఇంట్లో పట్టీ వేసి వచ్చాక, ఆ ఇంటివాళ్ళు నేల మీద కొత్తగా పలకరాళ్ళు పరిపించారు. నేల రెండంగుళాలు లేచింది, కుర్చీలూ దాంతో పాటే లేచాయి, పట్టీ కిందుండిపోయింది. ఎవరూ అడక్కుండానే బస్సెక్కి వెళ్ళి విప్పి మళ్ళీ బిగించి వచ్చాడు. తప్పెవరిదని నేనంటే, నేల మారుస్తారా అని ముందు అడగనోడిది అన్నాడు. అప్పట్నుంచి ఏ ఇంటికెళ్ళినా ముందు నేల చూసేవాడు. నా పెళ్ళిలో అక్షింతలు వేసి, దీవెన అయ్యీ కాకముందే, ఈ నేల ఇలాగే ఉంచుతారా మార్పిస్తారా అని మా నాన్ననడిగాడు. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు ఆయన్ని మేనమామేమో అనుకున్నారు.

ఇక నా సంగతి. మూడేళ్ళ క్రితం ముందుగదిలో సాయంత్రాలు ట్యూషను మొదలుపెట్టాను. మా తాతగారి కొట్లోంచి వచ్చిన చెక్క కుర్చీలు ఎనిమిది, గోడ వారనే వేశాను. వారం తిరక్కుండానే గోడ దెబ్బలు తినడం మొదలైంది. మామకి కబురంపాను. ఈలోగా ఫోనులో ఒక వీడియో చూశాను. గోడ ఎత్తులో మూడో వంతు దగ్గర పట్టీ వేస్తే గది అందంగా ఉంటుందట. మా గది పది అడుగులు, అంటే నూట ఇరవై అంగుళాలు. మూడో వంతు నలభై. లెక్క ఇంత చక్కగా తెగితే లెక్కల టీచరుకి ఇంకేం కావాలి?

మామ వచ్చి, నేల చూసి, కుర్చీని గోడకి ఆనించి, దాని వీపు తగిలిన చోట వేలు పెట్టి ముప్పై మూడు అన్నాడు. నేను నలభై అన్నాను. ఆయన నవ్వాడు.

"గోడ కూకోదు కదమ్మి. కూకునేది మనిసి."

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. అప్పటికి ముగ్గురు పిల్లల తల్లులు ఫీజు సంగతి మాట్లాడ్డానికి వచ్చి గదిలో ఉన్నారు. వాళ్ళ ముందు నా మాట నెగ్గాలనిపించింది. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను, దాచుకుంటే ఈ వ్యాసం రాయడం దండగ.

"మామా, నేను లెక్కలు చెప్పి బతుకుతున్నదాన్ని. మూడో క్లాసు చదివి నాకు మూడో వంతు నేర్పకండి."

గదిలో ఒకావిడ కిసుక్కుమంది. మామ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సరేనమ్మి, నీ గోడ, నీ లెక్క అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా కుదిపింది. మర్నాడు ఇంటి తాళం ఆయనకిచ్చి స్కూలుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి నలభై అంగుళాల ఎత్తున, నాలుగు వేళ్ళ వెడల్పున, సాలు చెక్క పట్టీ దారం పట్టినట్టు బిగించి ఉంది. కింద గోడకి సున్నం కూడా వేసి, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్ళిపోయాడు.

అందంగానే ఉంది. కుర్చీలు మాత్రం దాని కిందికి దూరి గోడని కొట్టుకుంటూనే ఉన్నాయి. మొదటి వానాకాలానికి చెమ్మ పట్టిన చోటల్లా పెచ్చులు లేచాయి. పట్టీ పైన, దెబ్బ కింద అని ఒక పిల్లాడన్నాడు. వాడికి ఆ రోజు రెండు లెక్కలు ఎక్కువ ఇచ్చాను. గోడకి క్యాలెండరు కిందగా వేలాడదీశాను, దుప్పటి ముక్క కట్టాను. మా ఆయన చూసి చూసి, వెళ్ళి ఆ పెద్దాయనతో ఒక్క మాట అనేసి రావచ్చుగా అన్నారు. రేపు వెళ్తానన్నాను. ఆ రేపు మూడేళ్ళు నడిచింది.

మామ కూడా మా వీధిలో కనబడ్డం మానేశాడు. అంతకు ముందు రోజూ పొద్దున్నే మా గుమ్మం ముందు నుంచే టీ కొట్టుకి వెళ్ళేవాడు, ఏటమ్మి, ఇంకా బడికెల్లలేదా అని పలకరించేవాడు. ఒకసారి సంతలో ఎదురుపడబోయి చింతపండు వరసలోకి తిరిగిపోయాడు. కోపమే అనుకున్నాను. కోపంగా ఉన్న మనిషి దగ్గరికి నేనెందుకు వెళ్ళాలి అని నాకు నేనే సర్దిచెప్పుకుని, నేనూ ఉల్లిపాయల వైపు తిరిగాను. తప్పు నాదై ఉండి అలక కూడా నాదే. మనిషి బుద్ధి ఎంత లేకిదో చూడండి.

ఆయన్ని తీసుకెళ్ళే రోజు వెళ్ళాను, వెనకాల నిలబడ్డాను. దినాలు అయిపోయాక మళ్ళీ వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. మేస్త్రి మామ భార్యని మేమంతా అత్త అనే పిలుస్తాం. పిల్లలకి నేను రోజూ చెబుతుంటాను, తప్పు లెక్కని కొట్టెయ్యడానికి సిగ్గుపడకండి అని. ఆ ధైర్యం నాకు ఆ రోజు వచ్చింది, అదీ ఆలస్యంగా. అత్తా, ఆ రోజు నేను తప్పు మాట అన్నాను, కొలత కూడా తప్పే, మామకి చెప్పనేలేదు అని ఏడ్చాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి తెల్దేటమ్మి? కోపమొచ్చి మీ ఈది మానేసేడనుకున్నావా? నన్ను సూసినప్పుడల్లా ఆ పిల్ల సిన్నబోతాది, గోడ గురుతొస్తాది, ఎందుకొచ్చిన బాద అని గుట్టెక్కి ఎనకనుంచి టీ కొట్టుకెల్లేవోడు. ఆ మోకాళ్ళతోటి."

అత్త కొంగుతో మొహం తుడుచుకుని ఇంకో మాట కూడా చెప్పింది.

"పట్టీ దించమని నువ్వెప్పుడో ఒకనాడు అడుగుతావన్నాడు. అడిగిన్నాడు గోడ మళ్ళీ పగలగొట్టక్కర్లేదంట, అంతా సేసి ఉంచేడంట. ఎల్లి గోడ తట్టి సూసుకో."

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా దుప్పటి ముక్క లాగేసి, గోడని వేళ్ళతో తట్టుకుంటూ వెళ్ళాను. నేల నుంచి ముప్పై మూడు అంగుళాల దగ్గర, పెచ్చు ఊడని ఒక చోట, చప్పుడు మారింది. అక్కడ చెంచాతో గీకితే సున్నం రాలి, కింద గుండ్రంగా చెక్క కనబడింది. పట్టీని మరలు పట్టుకునేటందుకు గోడకి కన్నం వేసి బిగించే చెక్క బిరడా అది. రెండడుగుల అవతల ఇంకొకటి. అలా గోడ చివరిదాకా తొమ్మిది. నేను స్కూల్లో ఉన్న ఆ ఒక్క రోజే, నలభై దగ్గర నా లెక్క ప్రకారం పట్టీ బిగించి, ముప్పై మూడు దగ్గర తన లెక్క ప్రకారం బిరడాలు దిగ్గొట్టి, పైన సున్నం పూసి, నాకు తెలియకుండా చదును చేసి వెళ్ళాడు. నేను ఎప్పటికైనా ఒప్పుకుంటానని నా మీద నాకు లేని నమ్మకం ఆయనకి ఉంది. నేల మీద కూలబడి, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్ళినందుకు ఆ రోజు ఎంత విసుక్కున్నానో తలుచుకుని, గట్టిగానే ఏడ్చాను.

కకిరిగుమ్మ నుంచి వచ్చిన ఒక వడ్రంగి అరపూటలో పట్టీ విప్పి కిందికి దించాడు. మరలన్నీ ఆ తొమ్మిది బిరడాల్లోకే ఎక్కాయి, ఒక్క కొత్త కన్నం పడలేదు. ఇవి ఎవరు వేశారండీ అని అడిగాడు. మా మామ అన్నాను. గోడ పెచ్చులకి సిమెంటు పూయించాను, గది మొత్తానికి రంగు మాత్రం వెయ్యనివ్వలేదు.

అందుకే పాత పట్టీ ఉన్న చోట, నలభై అంగుళాల ఎత్తున, మిగతా గోడకన్నా తెల్లగా ఒక చార ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉండిపోయింది. కొత్తగా ట్యూషనుకి చేరిన పిల్లలు అదేంటి మిస్ అని అడుగుతారు. నా తప్పు లెక్క అని చెప్పి, పుస్తకాలు తియ్యమంటాను. వాళ్ళు వెళ్ళిపోయాక కుర్చీలు వెనక్కి జరుపుతాను. పైన ఆ తెల్లటి చార అలాగే ఉంటుంది. దాని కింద ఎనిమిది కుర్చీలూ మామ పట్టీకి వీపులు ఆనించుకుని ఉంటాయి.