మా ఆయన తర్జుమా

మా సంఘంలో తర్జుమా చేసేది మా ఆయనే. ఈ పరాయి దేశంలో మేముండే టార్నీట్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం ఆరాధన పెడతాం. అప్పుడప్పుడు తెల్ల పాస్టరు ఎవరైనా వచ్చి వాక్యం చెప్తే, పక్కన ఇంకో మైకు పట్టుకుని నిలబడేది మా ఆయన. ఆ దొర ఒక్క మాట అంటే ఈయన నాలుగు చెప్తారు. దేవుడు మంచివాడని దొర అని ఊరుకుంటే, ఎంత మంచివాడో, మన మీద ఎంత ఓర్పు చూపుతున్నాడో అన్నీ ఈయన కలుపుతారు. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు దొర మాటకు కాదు, తర్జుమాకే ఆమెన్ అంటారు. నేనూ అన్నాను, పదిహేనేళ్లు.

అలాంటి మనిషి ఆసుపత్రిలో పిసినారి అయిపోయారు. నాకు క్యాన్సర్ అని తేలిన రోజు నుంచీ చూస్తున్నాను. డాక్టరు కంప్యూటరు తెర మా వైపు తిప్పి, పెన్నుతో చూపిస్తూ ఐదు నిమిషాలు మాట్లాడతాడు. ఈయన అంతా విని, తల ఊపి, నా వైపు తిరిగి, "మందు పనిచేస్తుందంటన్నాడు. ప్రభువు మీద భారం వెయ్యి" అంటారు. రెండోది డాక్టరు అనలేదని నాకు తెలుసు. మొదటిదైనా అన్నాడో లేదో తెలియదు.

నాకు ఇంగ్లిషు బొత్తిగా రాదని కాదు. చైల్డ్‌కేర్ వంటగదిలో ఏళ్ల తరబడి పనిచేశాను. ఏ బిడ్డకి గుడ్డు పడదో, ఏ బిడ్డకి పాలు పడవో ఇంగ్లిషులోనే చదువుకునేదాన్ని. కానీ ఆ గదిలో కూర్చుంటే భయంతో చెవులు మూసుకుపోయేవి. ముఖాలు మాత్రం కనిపిస్తాయి కదా. నేను ఏడవకుండానే నర్సు టిష్యూల డబ్బా నా ముందుకు జరిపేది. ఎందుకు జరుపుతోందో ఎవరూ చెప్పరు.

అక్కడి నుంచి అందరి మీదా అనుమానమే. పాస్టరమ్మ గారు నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టించారు. మొదట్లో నా తల మీద చెయ్యి వేసి, స్వస్థపరచు తండ్రీ అని గట్టిగా అడిగిన ఆవిడే, ఆ మధ్య నుంచి 'నీ చిత్తమైతే' అని మొదలుపెట్టారు. ఆ మాట మా వాళ్లు ఊరికే వాడరు. లేచి తిరుగుతారనుకున్న వాళ్లకి అది తగిలించరు.

"అమ్మగారూ, మా ఆయన మీకేమన్నా చెప్పారా?" అని అడిగాను.

"ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమన్నారమ్మా, అంతే" అంటూ ఆవిడ ప్రార్థన నూనె సీసా మూత బిగించుకున్నారు. మూత అప్పటికే బిగిసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా ప్రాణం సంగతి హాలు నిండా తెలిసి, నా ఒక్కదానికే తెలియదా? ప్రార్థన మాత్రం మానలేదు. కీమో ఎక్కుతున్నంతసేపూ నాకు ప్రభువు తప్ప ఇంకెవరూ లేరు. ఆయన్ని అనుమానించలేదు, అప్పటికి.

తర్వాతి కీమో రోజు ఈయన పార్కింగు కోసం తిరుగుతుంటే నేను ముందు లోపలికి వెళ్లాను. కౌంటరు దగ్గర అమ్మాయి ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది, ఇంటర్‌ప్రెటర్ కావాలా అని. ఎప్పుడూ ఈయనే "నో థాంక్స్, ఐయామ్ హియర్" అనేసేవారు. ఆ రోజు నేను "యెస్, తెలుగు" అన్నాను. దొంగతనం చేసినట్టు వెనక్కి తిరిగి తలుపు వంక చూశాను.

స్కాను రిపోర్టు చెప్పే రోజున డాక్టరు బల్ల మీద ఫోను పెట్టి స్పీకరు నొక్కాడు. ఇదేమిటని ఈయన అడిగితే, ఇంటర్‌ప్రెటర్ కావాలని మీ ఆవిడే అడిగిందన్నాడు. ఈయన నా వైపు తిరిగారు. నేను ఫోను వంకే చూస్తూ కూర్చున్నాను.

ఫోన్లో ఆడగొంతు, తెలంగాణ మాట. "నమస్తే అమ్మా. నేను మీ స్కాన్ రిపోర్టు చూసిన."

"మీరెట్టా చూశారు?" అన్నాను. నా కాగితాలు మన తెలుగువాళ్ల చేతుల్లోకి ఎలా వెళ్లాయా అని ముందు ఆవిడనే అనుమానించాను.

"నేను కాదమ్మా, డాక్టర్ సార్ చూసిన్రు. ఆయన 'నేను' అంటే నేను గూడ 'నేను' అనే చెప్పాలె. ఒక్క మాట కలపొద్దు, ఒక్క మాట తియ్యొద్దు. మాకు గదే రూల్."

ఆ రూలు విని మా ఆయన తల దించుకున్నారు. నాకు అప్పుడే సగం అర్థమైంది.

మిగతా సగం ఆవిడ చెప్పింది. గడ్డలు కొంచెం తగ్గాయట, పూర్తిగా పోవట. "నేను ఈ రోగం నయం చెయ్యలేను. పెరగకుంట ఆపెటందుకు చూస్త. ఎన్ని రోజులు ఆపగలనో చెప్పలేను. ఈ సంగతి మొదటి రోజే మీకు చెప్పిన."

"మొదటి రోజే చెప్పారా?" అన్నాను. ఆవిడ అది ఇంగ్లిషులో అడిగింది. డాక్టరు "యెస్" అన్నాడు. ఆవిడ "అవును" అంది.

కారు దగ్గరికి వచ్చాక ఈయన తాళం చేతిలో పట్టుకుని, డోరు తీయకుండా నిలబడిపోయారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

"ఎందుకు చెప్పలేదండీ నాకు?"

"నయం కాదు అన్న మాటకి నాకు తెలుగు దొరకలా" అన్నారు.

మైకు పట్టుకుంటే మాటకు తడుముకోని మనిషి.

"మరి దేవుడి మాటలు? ఇన్నేళ్లూ అవి కూడా ఇట్టాగే చెప్పారా? ఆయన అననివి కలిపి, అన్నవి దాచి?"

ఆయన ముఖం తుడుచుకున్నారు. పక్కన ఎవరో కారు ఎక్కుతూ మమ్మల్ని చూసి, చూడనట్టు వెళ్లిపోయారు.

"ఇప్పుడు చెప్పండి" అన్నాను. "ఆవిడ చెప్పినట్టే. కలపొద్దు, తియ్యొద్దు."

తాళం జేబులో పెట్టుకుని నా వైపు తిరిగారు. "నేను ఈ రోగం నయం చెయ్యలేను. పెరగకుండా ఆపటానికి చూస్తా. ఎన్నాళ్లు ఆపగలనో చెప్పలేను."

ఆ 'నేను' డాక్టరుదో, ఈయనదో నాకు తెలియలేదు. అయినా నమ్మకం కుదరక, ఇంకోసారి చెప్పమన్నాను. రెండోసారీ అవే మాటలు చెప్పారు, ఒక్కటీ పెరగలేదు. అప్పుడు ఆమెన్ అన్నాను.