ఆకేరులో ఆగిన బతుకమ్మ

ఈ సాయంత్రం చూసింది ఎవరికీ చెప్పలేక, ఎన్నడూ రాయని నేను రాస్తున్నాను.

మా చెరువు ఒడ్డు దగ్గరే కానీ, అంతా బురద. ఆకేరు వాగు ఇసుక ఒడ్డు దూరమైనా శుభ్రం. తెలంగాణ కోసం జరిగే సమ్మెతో ఆటోలు లేకున్నా, బతుకమ్మను వదలడానికి కోడలితో అక్కడికే నడిచాను. వాగులో వదిలిన బతుకమ్మ నాలుగడుగులు పోయి, కింద ఎవరో పట్టుకున్నట్టు ఒకేచోట తిరగసాగింది.

“మోకాళ్ల లోతే అత్తమ్మా, జర నెట్టొస్త,” అని కోడలు దిగబోయింది.

“ఆగు బిడ్డా! గౌరమ్మ ఎట్ల తిరుగుతుందో సూడు!” అని కొంగు పట్టి లాగాను.

మరుక్షణం బతుకమ్మ నిలువునా మునిగింది. ఒక్క పువ్వూ తేలలేదు. అది మునిగిన చోటు లారీల కోసం ఇసుక తవ్విన గుంత.

బురదైతే కాళ్లు కడుక్కుంటే పోతుంది. ఇది చదివే మీరైతే ఏ ఒడ్డుకు పోతారు?

ఇంటికొచ్చాక కోడలు మెల్లగా, “నన్నెవరో రమ్మన్నట్టే అయింది అత్తమ్మా,” అన్నది. ఈ కాగితం దొరికితే దాచండి, నా కొడుక్కి చూపకండి, భయపడతాడు.