ఏటి ఇసుకలో కోడిపులుసు

నా మోటారు సైకిలు బండి గురించి చెబితే అబద్ధమంటారు గానీ, దాన్ని నిలబెడితే ఆ నీడలో ఇద్దరు పెద్దమనుషులు కాళ్లు చాపుకుని కునుకు తీయొచ్చు. ఎక్కాలంటే ముందు అరుగెక్కాలి. మా రాయచెర్లులో స్టార్ట్ చేస్తే తిరుమణి దాకా పరిచిన సోలార్ పార్కు పలకలన్నీ గడగడ వణుకుతాయి. ఆ రోజు కరెంటు కాస్త తక్కువే పుడుతుంది.

"దావ లేని తావ కూడా పోతాది" అని, అంటే దారి లేని చోటుకూ పోతుందని, మా ఆవిడకు చెప్పి కొన్నాను. పోయింది నిజమే, కానీ పోయిన ప్రతిచోటా నన్ను కింద పడేసింది. దాన్ని అమ్మేసి పాడికి రెండు ఎనుములు కొనాలని ఆమె పట్టుబట్టింది. నాగలమడిక దగ్గర ఏటి అవతల ఉండే ఆమె తమ్ముడు, బండి కొనేవాణ్ణి కూడా చూసిపెట్టాడు.

ఒక ఆదివారం ఆమె క్యాను నిండా నాటుకోడి పులుసు పోసింది. మూత వదులైనది, కావాలనే ఎంచుకుంది.

"మా తమ్మునింటికి పోదాం పా. తారు రోడ్డులో కాదు, నీ దావ లేని తావలోనే. ఒక్క చుక్క ఒలికినా బండి అమ్మేయాల. ఒలక్కపోతే ఉంచుకో."

"చుక్క కాదు మే, ఆవిరి కూడా బయటికి రాదు చూడు."

సోలార్ కంచె పక్కన మట్టిదారి పట్టాం. ఒక్కొక్క రాయి రోలంత. పలకల నీడలో పడుకున్న గొర్రెలు లేచి నిలబడ్డాయి, గౌరవంతోనే అనుకుంటా. "మెల్లగప్పా, వెనక పులుసుండాది" అని ఆమె గుర్తుచేస్తూనే ఉంది. ముందర మొగుడున్నాడని మాత్రం ఒక్కసారీ అనలేదు.

గుట్ట దిగాం, వంక దాటాం, చుక్క ఒలకలేదు. ఇక గెలిచాననుకున్నప్పుడు ఏరు వచ్చింది. నీళ్లు లేవు, అంతా ఇసుకే. నడిమధ్యలో వెనక చక్రం దిగబడింది. తిప్పేకొద్దీ లోతుకు పోయింది. ఇంకాస్త తిప్పి ఉంటే పాతాళంలో ఎవరినైనా దారి అడగాల్సి వచ్చేది. ఈనబోయే ఎనుములా బండి నిదానంగా పక్కకు ఒరిగి పడుకుంది. తోడుగా నేనూ పడుకున్నాను. లేచిన ఇసుక మడకశిరలో ఎవరి అన్నంలోనో పడే ఉంటుంది.

కళ్లు తుడుచుకుని చూస్తే మా ఆవిడ నిటారుగా నిలబడి ఉంది, క్యాను నెత్తిన పెట్టుకుని. చక్రం కూరుకుపోతుండగానే దిగేసిందట.

అవతలి గట్టు నుంచి బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "ఏం బావా, బండి మీద నువ్వొచ్చినావా, నీ మీద బండొచ్చిందా?"

"అది ఉండనీరా, మూత తీసి చూడు."

చూశాడు. అంచుదాకా ఉంది. "బావ గెలిచినాడక్కా!"

"యాడ గెలిచినాడు? బండిని పడేసినాడు. పులుసును కాపాడింది నేను."

"పందెం పులుసు మీదే గదా!" అన్నాను ఇసుక ఉమ్ముతూ.

ఆమె క్యాను గట్టున పెట్టొచ్చింది. ముగ్గురం కలిసి బండి లేపాం. బావమరిది ఇంట్లో సంగటి తింటున్నంతసేపూ నేను ఆమె మొహమే చూస్తున్నాను. "కొనేటోనికి ఏం చెప్పాలక్కా?" అని తమ్ముడు అడిగితే, "ముందు తినురా" అంది.

సాయంత్రం బుద్ధి తెచ్చుకుని బండిని తారు రోడ్డు వైపు తిప్పాను. వెనక నుంచి మా ఆవిడ వీపులో వేలితో పొడిచింది.

"ఈపక్క ఏంటికప్పా? ఏట్లోకే తోలు. ఇప్పుడు క్యాను ఖాళీ గదా, రవ్వంత బిరీన పోదాం. ఎనుముల సంగతి మళ్లీ చూద్దాంలే."