పాదాలు గాల్లో ఉన్నంతసేపు

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకీ ఒకటుంది. దాన్నిప్పుడు ఎవరూ వాడరు. కొంపలంటుకుపోతున్నా "నిదానం, నిదానం" అనే మనిషి కాబట్టి, మంచాన పడ్డవాళ్ళున్న ప్రతి ఇంటికీ ఆమె నిదానమ్మే. కదల్లేని మనుషులకు స్నానం చేయించడం, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం ఆమె పని. మొదట్లో చేతులతోనే ఎత్తేది. ఒకసారి ఓ భారీ కాయాన్ని లేపబోతే నడుము పట్టేసి, ఆ మనిషి పక్కనే తనూ పడుకోవలసి వచ్చింది. అప్పట్నుంచి లిఫ్టు లేనిదే ఎవర్నీ ఎత్తనని భీష్మించుకుంది.

ఈ లిఫ్టు మేడలెక్కించేది కాదు. చక్రాల మీద ఒక ఇనుప స్తంభం, దానికి వంగిన చెయ్యి, చేతికి వేలాడే గట్టి గుడ్డ. గుడ్డను మనిషి కింద పరిచి, పట్టీలు కొక్కేలకు తగిలించి, రిమోటు నొక్కితే మనిషి పైకి లేస్తాడు. నిదానమ్మ ప్రతి పట్టీనీ లాగి చూసేది. జానెడు లేపి, ఆపి, మళ్ళీ చూసేది. ఇంట్లోవాళ్ళకు ఒళ్ళు మండేది. మండనీ అనుకునేది.

అలా తిరుగుతూ కండక్టరుగారింట్లో అడుగుపెట్టింది. బస్సుల్లో టికెట్లు కొట్టీ కొట్టీ ఇంటిపట్టున కూర్చున్నాక ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కట్టుకున్న భార్యనైనా గుర్తుపడుతున్నారో లేదో తెలియదు. నిదానమ్మ వరస కలుపుకుని ఆయన్ని బాబాయిగారనీ, ఆవిణ్ణి పిన్నిగారనీ పిలిచేది. మొదటిరోజు పిన్నిగారే రెండోపక్క సాయం పట్టారు. ఆయన మడమలు పరుపు విడిచాయి.

"జరగండి, లోపలికి జరగండి! ఇంకా ఎక్కేవాళ్ళున్నారు."

ఆయన గొంతు ఖంగుమంది. నిదానమ్మ రిమోటు మీంచి వేలు తీసేసింది. ఆయన కళ్ళు గుమ్మం నుంచి కిటికీ దాకా ఒకరి వెనక ఒకర్ని సాగనంపుతున్నాయి. "పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకో అమ్మా," అని ఎవరికో చెప్పి, అవతలి జవాబు విని తలాడించారు. కుర్చీలో దించి పాదాలు నేలకు ఆనించారో లేదో, మాట ఠక్కున ఆగిపోయింది.

"మాటొచ్చిందే! విన్నావా?" పిన్నిగారు ఏడుస్తూ అడిగారు.

"విన్నానండీ," అంది నిదానమ్మ. తనకు చెమటలు పట్టిన సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతిసారీ అంతే. పాదాలు గాల్లో ఉన్నంతసేపే మాట. అదీ కనబడని జనంతోనే. రోజురోజుకీ బస్సు నిండుతోంది. "ఏమ్మా, పెద్దావిడ కాలు తొక్కుతున్నావు," అని ఒకరోజు నిదానమ్మనే కసిరారు. ఆమె గబుక్కున కాలు వెనక్కి తీసుకుని, ఖాళీ నేలకు క్షమాపణ చెప్పి, ఆనక సిగ్గుపడింది.

"ఇంకాస్సేపు పైనే ఉంచవే," అని పిన్నిగారు బతిమాలేవారు. "దారినపోయే వాళ్ళందర్నీ పలకరిస్తున్నారు. నేనొక్కదాన్నే కనబడనా? ఒక్కసారి నాతో మాట్లాడితే చాలు."

"ఇది మార్చడానికే గానీ వేలాడదీయడానికి కాదండీ. తొడలు ఒరుసుకుపోతాయి, ఊపిరాడదు."

కొన్నాళ్ళకు ఆయన తొడల మీద నల్లటి చారలు కనిపించాయి. "మీరొక్కరే ఎత్తుతున్నారా?" అంటే "అబ్బే" అన్నారు పిన్నిగారు. ఆ అబ్బే నిదానమ్మకు నచ్చలేదు.

ఒక మధ్యాహ్నం వేరే ఇంట్లో పని త్వరగా తెమిలి, ముందే వచ్చింది. మెట్ల దగ్గరే ఆయన గొంతు వినిపించింది. లోపల ఆయన ఎత్తున వేలాడుతున్నారు. ఎదురుగా కుర్చీలో పిన్నిగారు, ఒళ్ళో రిమోటు. లిఫ్టు ఎక్కడ దొర్లిపోతుందోనని చక్రాలకు బ్రేకులు బిగించేశారు. కొత్తవాళ్ళంతా చేసే తప్పే అది. ఎత్తేటప్పుడు చక్రాలు వదులుగా ఉంటేనే యంత్రం తనే జరిగి బరువు కిందికి సర్దుకుంటుంది, లేకపోతే ఒరిగిపోతుంది. అప్పటికే వెనక చక్రమొకటి నేలను వదిలేసింది.

నిదానమ్మ పరుగున వెళ్ళి స్తంభాన్ని వాటేసుకుంది. "దించండి పిన్నిగారూ, పడిపోతారు!"

"ఉండవే! ఇవాళ నావైపే చూస్తున్నారు."

నిజమే. ఆయన కళ్ళు ఎవరెవర్నో తప్పించుకుంటూ వచ్చి ఆవిడ మీద నిలిచాయి.

"ఇదిగో, నిన్నే."

"ఏమండీ!" పిన్నిగారు లేచి నిలబడ్డారు.

"నన్ను దించవే. భయమేస్తోంది. వీళ్ళంతా మనింట్లోనే దిగుతామంటున్నారు."

జనమంతా ఒక్కసారి గుమ్మంవైపు తోసుకున్నట్టు స్తంభం నిదానమ్మ మీదికి ఒరిగింది. పిన్నిగారి వేలు రిమోటు మీద ఆగింది. నొక్కితే ఆ మాట పోతుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. నొక్కేశారు.

"దించేస్తున్నానండీ, ఇదిగో, నేనున్నాను, దించేస్తున్నాను," అంటూనే ఉన్నారు. ఆయన వింటూ కిందికొచ్చారు. మడమలు పరుపుకు ఆనాయి. కళ్ళు మళ్ళీ ఎవర్నీ ఎరగనివైపోయాయి.

మర్నాడు స్నానం వేళకు పిన్నిగారు అడిగారు: "కాళ్ళు గాల్లో ఉండకుండా మార్చలేవా అమ్మాయ్?"

"ఎత్తకుండా ఎలా అండీ?"

ఆవిడ మంచం కాళ్ళవైపు వెళ్ళి, ఆయన రెండు పాదాల్నీ అరచేతుల్లో పెట్టుకున్నారు. నిదానమ్మ ఎత్తింది. ఆయన పెదవులు ఒకసారి విడివడి, ఆవిడ కనబడగానే మూసుకున్నాయి. ఆవిడ వంగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, ఆ పాదాల్ని మోసుకుంటూ కుర్చీదాకా నడిచారు. గదిలో చక్రాల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. కుర్చీలో దించాక కూడా ఆవిడ చేతులు తియ్యలేదు.